ఆన్‌లైన్ గ్రేడ్‌బుక్‌లో సున్నా పెట్టి పడుకున్నాను, పొద్దున్నకి ఫోన్ మోగింది

కొత్త_టీచరమ్మ · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతికి సైన్స్ చెప్తాను. ఈ టర్మ్ నుంచి మా స్కూల్లో మార్కుల రిజిస్టర్ తీసేసి ఆన్‌లైన్ గ్రేడ్‌బుక్ పెట్టారు. పిల్లలకొక లాగిన్, తల్లిదండ్రులకొక లాగిన్. ట్రైనింగ్ నలభై నిమిషాలు. అందులో సగం పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళకే సరిపోయింది.

నిన్న రాత్రి పదిన్నరకి కూర్చుని మిగిలిపోయిన మార్కులన్నీ ఎక్కించేశాను. ప్రాజెక్టు ఇవ్వనివాళ్ళు పదకొండు మంది. గడి ఖాళీగా ఉంటే బాగోదేమోనని అందరికీ సున్నా కొట్టాను. తర్వాత సరిచేయొచ్చులే అనుకుని సేవ్ నొక్కి పడుకున్నా.

పొద్దున్న ఏడింటికి ఒక నాన్నగారి ఫోన్. "మేడం, మా అమ్మాయికి మొన్నటిదాకా 86 ఉంది కదా, రాత్రికి రాత్రి 57 ఎలా అయింది?" ఆ పాపకి రెండు టెస్టుల్లో 88, 84 వచ్చాయి. జ్వరంగా ఉందంటే ప్రాజెక్టుకి వారం గడువు ఇచ్చింది నేనే, మర్చిపోయిందీ నేనే. పదీ యాభైకి ఆయన ఫోన్‌కి నోటిఫికేషన్ వెళ్ళిందట. నిద్రపోతున్న పిల్లని లేపి అడిగారట. ఇవాళ క్లాసులో ఆ పాప నా మొహం చూడలేదు.

సున్నాలు తీసేశాను, సారీ కూడా చెప్పాను. కానీ ఏది ఎవరికి ఎప్పుడు కనిపించాలో నాకు అర్థం కావట్లేదు. మీరెలా చేస్తున్నారు?

---

లెక్కలమాస్టారు · సోమవారం, రాత్రి 10:05

ముందు లెక్క చూద్దాం, బాధ తర్వాత. (88+84)/2 అంటే 86. దానికి ఒక సున్నా కలిపి మూడుతో భాగిస్తే 57.3. సాఫ్ట్‌వేర్ తప్పేమీ చేయలేదమ్మా. మీరు చెప్పిందే చేసింది.

ఖాళీ గడి అంటే "ఇంకా తెలీదు". సున్నా అంటే "తెలుసు, ఏమీ రాలేదు". పాత రిజిస్టర్లో ఈ తేడా మన బుర్రలో ఉండేది, పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకునేవాళ్ళం. ఇక్కడ చుక్క పెట్టేందుకు చోటు లేదు, గడిలో ఏముంటే దాన్నే కూడుతుంది.

అలాగని ఖాళీ వదిలేస్తే గొడవ వదిలిందనుకోకండి. మా దగ్గర టెస్టులకి 50, ఇంటిపనికి 20, ప్రాజెక్టుకి 30 శాతం వెయిటేజీ. ఒకబ్బాయికి టెస్టుల్లో 78, ఇంటిపనిలో 90, ప్రాజెక్టు ఇంకా ఇవ్వలేదు. ఖాళీని లెక్కలోకి తీసుకోవద్దంటే స్క్రీన్ మీద 81.4 కనిపిస్తుంది. ఖాళీని సున్నాగా లెక్కేయమంటే 57. పిల్లాడు ఒక్కడే, రోజూ ఒక్కటే, రెండు అంకెలు. మూడిల్ అని స్కూళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో దీనికి ఒకే ఒక్క టిక్ ఉంటుంది, ఖాళీలను మొత్తంలో కలపాలా వద్దా అని. మీ దాంట్లోనూ ఎక్కడో ఉంటుంది, వెతకండి.

మొదటి పద్ధతిలో ఇంకో మాయ ఉంది. అయిదు పనుల్లో ఒక్కటే ఇచ్చి అందులో 92 తెచ్చుకున్నవాడికి సగటు 92 అని చూపిస్తుంది. ఇంట్లో సంబరపడతారు. టర్మ్ చివర మిగతా నాలుగూ సున్నాలైన రోజు మనమే అబద్ధం చెప్పినట్టు చూస్తారు.

---

ఇద్దరు_పిల్లల_అమ్మ · సోమవారం, రాత్రి 10:31

టీచర్ల మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను అవతలి ఫోన్ పట్టుకునే మనిషిని.

మీ వెయిటేజీలు చదువుతుంటే నాకు కళ్ళు తిరిగాయి మాస్టారూ. నాకు ఆ 81.4 అక్కర్లేదు, 57 అంతకన్నా అక్కర్లేదు. నాకు కావలసింది ఏది ఇవ్వలేదు, ఇంకా ఇవ్వడానికి వీలుందా, ఎప్పటిలోగా. అంతే. యాప్ తెరిస్తే ముందు పెద్ద అక్షరాల్లో శాతం, దాని పక్కన ఎర్ర బాణం. ఏది ఇవ్వలేదో తెలియాలంటే మాత్రం నాలుగు చోట్ల నొక్కాలి.

మొదటి నెల రోజుకి పదిసార్లు చూసేదాన్ని. ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరికి ఆరు సబ్జెక్టులు. ఆఫీసు మీటింగులో ఉండగా టింగుమంటుంది, చూస్తే "ఇంగ్లీష్: 6/10". అది డిక్టేషనో, పెద్ద పరీక్షో, ఏదో తెలీదు. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నా మొహంలో ఆ ఆరు మార్కులే ఉండేవి.

ఒకరోజు మా పెద్దాడు అన్నాడు: "అమ్మా, నాకంటే ముందు నీకే తెలిసిపోతోంది. ఇంక నేనొచ్చి నీకు చెప్పడానికేముంది?"

ఆ రోజే నోటిఫికేషన్లు ఆపేశాను. ఇప్పుడు శనివారం పొద్దున్న ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి చూస్తా. ఫోన్ వాళ్ళ చేతిలో ఉంటుంది, చదివేది వాళ్ళే.

---

వెనకబెంచీ · సోమవారం, రాత్రి 11:48

అమ్మగారూ, మీ పెద్దాడికి నా తరఫున ఒక దండం. నేనిప్పుడు కాలేజీలో ఉన్నా, స్కూల్లో నాలుగేళ్ళు ఈ గ్రేడ్‌బుక్ కిందే బతికాను.

నాలుగో పీరియడ్‌లో మార్కులు పడేవి. నేను బస్సు దిగేలోపు ఇంట్లో తీర్పు రెడీగా ఉండేది. పేపర్ నా చేతికి రాలేదు, ఏ ప్రశ్న పోయిందో నాకే తెలీదు. "ఎందుకు తగ్గాయిరా?" అంటే ఏం చెప్పను?

తర్వాత తెలివి మీరాను. మా నాన్నకి యాప్ పెట్టిచ్చింది నేనే. నోటిఫికేషన్లు ఆపేసిందీ నేనే. ఏడాదిన్నర తర్వాత కనుక్కున్నారు.

ఇంకోటి కూడా ఒప్పేసుకుంటా. మా స్కూల్లో వాడిన కాన్వాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో "ఇన్ని వస్తే ఎంతవుతుంది" అని ఊహించి అంకెలు వేసుకుని చూసుకునే సదుపాయం ఉంటుంది, అది మనకొక్కళ్ళకే కనిపిస్తుంది. టర్మ్ అంతా కలిపి నా సగటు 56, దానికి 60 శాతం వెయిటేజీ. ఫైనల్‌కి 40. పాస్ అవ్వాలంటే 50. వేసి చూస్తే ఫైనల్లో సరిగ్గా 41 వస్తే చాలు. అంతే, 41కే చదివాను. ఆరో చాప్టర్ తర్వాత పుస్తకం మూసేశా. వచ్చింది 38.

---

లెక్కలమాస్టారు · మంగళవారం, ఉదయం 6:20

అంటే మొత్తం 48.8. పాస్‌కి తగ్గింది ఒకటిన్నర మార్కు కూడా కాదు. లెక్క మాత్రం తప్పులేకుండా చేశావు నాయనా, అందుకైనా మార్కు వేయాలి.

---

రిటైర్డ్_హెడ్ · మంగళవారం, ఉదయం 7:15

ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను, అందులో చివరి అయిదేళ్ళు ఈ ఆన్‌లైన్ కాలం. పాత ప్రోగ్రెస్ కార్డే బంగారమని చెప్పడానికి రాలేదు. ఆ కార్డు మీద ఎన్ని దొంగ సంతకాలు చూశానో నాకు తెలుసు. ఒకడైతే తండ్రి సంతకం ఎంత బాగా పెట్టేవాడంటే, అసలు తండ్రి వచ్చి పెట్టినప్పుడు మాకే అనుమానం వచ్చింది.

కానీ ఒక మాట. కార్డు ఏడాదికి మూడుసార్లు వెళ్ళేది. ఉపాధ్యాయుడు దాన్ని నింపేటప్పుడు ఆ పిల్లాణ్ణి ఒకసారి మొత్తంగా తలుచుకునేవాడు. ఇప్పుడు మార్కు పడిన మరుక్షణం ఇంటికి పోతోంది, దాని గురించి ఎవరూ ఆలోచించి ఉండరు. పైగా నేను కళ్ళారా చూసిన మార్పు ఇంకోటుంది. తక్కువ మార్కు వేస్తే ఆ సాయంత్రమే ఫోన్ వస్తుందని తెలిశాక, మా టీచర్లు తక్కువ వేయడం మానేశారు. చిన్న టెస్టులన్నిటికీ ఎనిమిది, తొమ్మిది. పెద్ద పరీక్షలో అసలు రంగు బయటపడేది. ఫోన్లు తప్పించుకోవడానికి వేసిన మార్కులవి.

---

ఇద్దరు_పిల్లల_అమ్మ · మంగళవారం, ఉదయం 8:02

సార్, గౌరవంగానే అంటున్నా, ఇందులో ఒక పక్కే చెప్పారు. మా చిన్నదానికి లెక్కల్లో ఇబ్బందని నాకు తెలిసింది గ్రేడ్‌బుక్ వల్లే. వరుసగా మూడు వారాలు ఇంటిపని గడి ఖాళీ. అడిగితే దశాంశాలు అర్థం కావట్లేదని ఏడ్చింది. ఏడాదికి మూడుసార్లు వచ్చే కార్డయితే అది నాకు ఎప్పుడు తెలిసేది? అప్పటికి భిన్నాలూ పోయేవి, శాతాలూ పోయేవి.

టీచరు భయపడి మార్కులు పెంచితే తప్పు గ్రేడ్‌బుక్‌ది కాదు కదండీ.

---

రిటైర్డ్_హెడ్ · మంగళవారం, ఉదయం 8:40

ఖాళీ గడి చూసి మీరు అమ్మాయిని అడిగారమ్మా. అందరూ టీచర్ని అడుగుతారు. అక్కడే ఉంది తేడా.

సరే, దశాంశాల విషయంలో మీ మాటే నెగ్గింది.

---

సర్వర్‌గది · మంగళవారం, మధ్యాహ్నం 1:10

మా స్కూళ్ళలో ఈ సాఫ్ట్‌వేర్లు పెట్టేది, తిట్లు తినేది నేనే. కొత్త_టీచరమ్మ గారూ, మీరు చేసిన పొరపాటు ప్రతి కొత్త టర్మ్‌లో కనీసం ఇద్దరు చేస్తారు. సెట్టింగులు మార్చకుండా ఇచ్చేయడం మాలాంటివాళ్ళ తప్పు.

మార్కు రాయడం వేరు, బయటపెట్టడం వేరు. ఇవి రెండూ ఒకే బటన్ అనుకోవడంతోనే తలనొప్పులన్నీ మొదలవుతాయి. గూగుల్ క్లాస్‌రూమ్‌లో మార్కు వేస్తే అది డ్రాఫ్ట్‌గా ఉంటుంది, "రిటర్న్" నొక్కేదాకా పిల్లలకి కనిపించదు. కాన్వాస్‌లో మామూలుగా వేయగానే కనిపిస్తుంది, కానీ ఆ అసైన్‌మెంట్‌కి పోస్టింగ్ పద్ధతిని మాన్యువల్‌కి మారిస్తే మీరు చెప్పేదాకా దాచి ఉంచుతుంది. మూడిల్‌లో ఫలానా తేదీ, ఫలానా గంట దాకా దాచు అని పెట్టొచ్చు. మీది ఏదైనా సరే ఇలాంటిది ఒకటి ఉండకుండా ఉండదు. ముందు అది పట్టుకోండి. అప్పుడు రాత్రి పదిన్నరకి మార్కులు ఎక్కించినా ఎవరి నిద్రా పాడవదు.

రెండోది, నోటిఫికేషన్ ఎప్పుడు వెళ్ళాలన్నది తల్లిదండ్రుల ఇష్టానికే వదిలేయకండి. ఎలా వస్తే అలా వదిలేసేవాళ్ళే ఎక్కువ, సెట్టింగుల్లోకి ఎవరూ పోరు. మేము ప్రతి మార్కుకీ వెళ్ళే నోటిఫికేషన్ ఆపి, వారానికొకటి పంపేలా పెట్టాం. కావాలన్నవాళ్ళు రోజూ వచ్చేలా మార్చుకోవచ్చు. మార్చుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మూడోది, దయచేసి పిల్లల లాగిన్‌తో తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వకండి. సగం ఇళ్ళల్లో జరిగేది అదే, పిల్లాడి పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది. తర్వాత అసైన్‌మెంట్ కింద "సార్ నేను రేపిస్తాను" అని రాసింది పిల్లాడో వాళ్ళమ్మో తేలదు. తల్లిదండ్రులకి చూసే హక్కు మాత్రమే ఉండే ఖాతా వేరుగా ఉంటుంది. అమ్మానాన్నలు వేరువేరుగా ఉంటుంటే ఇద్దరికీ చెరొకటి ఇవ్వండి. ఒకే లాగిన్ ఇస్తే పాస్‌వర్డ్ మార్చేసి రెండోవాళ్ళని బయట నిలబెట్టడం నేను చూశాను.

---

ఎక్సెల్_బాధితుడు · మంగళవారం, మధ్యాహ్నం 2:25

సున్నాకే ఇంత బాధపడుతున్నారా మేడం, నాది వినండి.

మార్కులు ఎక్సెల్‌లో వేసుకుని తర్వాత గ్రేడ్‌బుక్‌లోకి ఎక్కించడం నా అలవాటు. ఒకరోజు పేర్లు అక్షర క్రమంలో లేవని ఆ ఒక్క కాలమ్ సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాను. "పక్క కాలమ్‌లు కూడా కలపాలా?" అని అడిగింది. విసుగులో "వద్దు" అన్నాను. పేర్లు కదిలాయి, మార్కులు కదల్లేదు. అలాగే అప్‌లోడ్ చేశా.

ఫస్టొచ్చే పిల్లకి 31. క్లాసు మొత్తం మీద ఒక్క పేపర్ కూడా సరిగా రాయని మహానుభావుడికి 94. పన్నెండు నిమిషాల్లో కనిపెట్టి తీసేశాను. ఈలోపు ఆ 94 స్క్రీన్‌షాట్ వాళ్ళ మామయ్య దాకా వెళ్ళిపోయింది. తర్వాత నేను ఫోన్ చేసి అది 31 అని చెప్పాల్సి వచ్చింది. అవతల వాళ్ళమ్మగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఫోన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పటినుంచి పేరుతో పని లేదు, అడ్మిషన్ నంబర్ కాలమ్ ఉంటే తప్ప ఏదీ ఎక్కించను. ఎక్కించాక జవాబు పత్రాల కట్టలోంచి పైనొకటి, మధ్యలోదొకటి, అడుగునొకటి తీసి స్క్రీన్‌తో సరిచూస్తా. ఆ మూడూ సరిపోతేనే పబ్లిష్.

---

సర్వర్‌గది · మంగళవారం, మధ్యాహ్నం 2:41

ఎక్సెల్ అన్నారు కాబట్టి ఇదీ చెప్పేస్తా. క్లాసందరి మార్కులున్న షీట్ లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టి "మీ వరుస మాత్రమే చూసుకోండి" అనేవాళ్ళున్నారు. ఎవరైనా తమ వరుస ఒక్కటే చూసుకుంటారా? ఇంకొందరు పేర్ల కాలమ్ దాచేసి రోల్ నంబర్లు ఉంచుతారు. కాలమ్ దాచినంత మాత్రాన అందులోది పోదు, షీటుని కాపీ చేసుకుని విప్పితే మళ్ళీ వస్తుంది. పైగా రోల్ నంబర్లు అక్షర క్రమంలోనే ఇస్తాం, ఎవరిది ఏదో పిల్లలకి నోటికొచ్చు.

పోర్టల్ అయితే ఎవరిది వాళ్ళకే కనిపిస్తుంది. దానికున్న అసలు సుగుణం ఇదే. అలాగని అక్కడ అన్నీ పదిలమనీ కాదు. 2024 డిసెంబరులో స్కూళ్ళ రికార్డులు నడిపే పవర్‌స్కూల్ అనే అమెరికా కంపెనీ మీద పడిన హ్యాకింగ్‌లో పిల్లల వివరాలు, టీచర్ల వివరాలు ఏళ్ళ తరబడివి బయటికి పోయాయి. అందుకే నేను చెప్పేది, వ్యాఖ్యల పెట్టెలో ఇంటి గొడవలు, అనారోగ్యాలు రాయకండి. "ఆరోగ్య కారణంగా గడువు పొడిగింపు" అంటే చాలు. ఏ జబ్బో అక్కర్లేదు.

---

కొత్త_టీచరమ్మ · మంగళవారం, రాత్రి 9:15

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. దాచిపెట్టే బటన్ దొరికింది. ఖాళీల టిక్ కూడా దొరికింది. సున్నా కాకుండా గడిలో అక్షరాలు వేసే వీలుంది: "ఆ" అంటే ఆలస్యం, "గ" అంటే గడువు ఇచ్చాం, "లే" అంటే ఇవ్వలేదు. "గ" పెడితే లెక్కలోకి తీసుకోదు. ఆదివారం రాత్రి ఇది తెలిసి ఉంటే!

ఒక సందేహం. మార్కు పక్కన వ్యాఖ్య రాయమంటున్నారు మా హెడ్. 43 మంది. ప్రతి దానికీ రాస్తూ కూర్చుంటే పాఠం ఎప్పుడు చెప్పను? రాస్తే నిజంగా ఉపయోగముందా?

---

చదువరి · మంగళవారం, రాత్రి 10:50

ఉపయోగం గురించి రెండు పరిశోధనలు గుర్తున్నాయి, రెండూ ఈ చర్చకి సరిగ్గా తగిలేవే.

ఒకటి రూత్ బట్లర్ 1988లో ప్రచురించింది. కొందరు పిల్లలకి వ్యాఖ్యలు మాత్రమే ఇచ్చారు, కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి రెండూ. తర్వాతి పనిలో మెరుగైంది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్ళు. రెండూ అందుకున్నవాళ్ళు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్ళలాగే మిగిలారు. పక్కన అంకె ఉంటే పిల్లలు వ్యాఖ్య చదవరన్నమాట. మనం మాత్రం చదువుతామా? పరీక్ష పేపరు చేతికొస్తే ముందు చూసేది ఎక్కడో అందరికీ తెలుసు.

రెండోది పీటర్ బెర్గ్‌మన్, ఎరిక్ చాన్ అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో చేసింది. గ్రేడ్‌బుక్‌లో ఉన్న సమాచారాన్నే తీసి, ఇవ్వని అసైన్‌మెంట్లు, తక్కువ మార్కులు, ఎగ్గొట్టిన క్లాసుల గురించి తల్లిదండ్రుల ఫోన్లకి ఆటోమేటిక్‌గా మెసేజీలు పంపారు. సబ్జెక్టులు తప్పడం 28 శాతం తగ్గింది, క్లాసులకి హాజరు 12 శాతం పెరిగింది. రాష్ట్రస్థాయి పరీక్షల మార్కుల్లో మాత్రం మార్పు కనిపించలేదు.

---

లెక్కలమాస్టారు · బుధవారం, ఉదయం 6:05

ఆ చివరి వాక్యం దగ్గర ఆగాలి. ఇంటికి కబురు పంపితే పిల్లాడు క్లాసుకొస్తాడు, పని ఇస్తాడు. అది చిన్న విషయమేం కాదు. కానీ అర్థం కాని పాఠం కబురుతో అర్థం కాదు. అది మళ్ళీ మన మెడకే.

అమ్మగారు మొదట్లో అన్నది కూడా ఇదే. ఆవిడకి కావాల్సింది శాతం కాదు, ఏది ఇవ్వలేదో. వాళ్ళు పంపిందీ అదే.

---

ఇంగ్లీషు_సార్ · బుధవారం, ఉదయం 11:30

వ్యాఖ్యల గురించి నేను చెప్తా, చేతులు అరిగినవాణ్ణి.

43 మందికీ ప్రతిసారీ రాయకండి. నేను వారానికి ఎనిమిది మందికి రాస్తా, తిప్పుకుంటూ. ఆరు వారాల లోపల అందరికీ ఒకసారి అందుతుంది. ఆ ఎనిమిదీ మాత్రం ఆ పిల్లాడి పేపరు ముందు పెట్టుకుని రాస్తా.

"బాగుంది, ఇంకా కృషి చేయాలి" అని రాయడం కన్నా ఏమీ రాయకపోవడం నయం. నిన్న నేను ఒకమ్మాయికి రాసింది ఇది: "లేఖ మొదటి పేరాలోనే విషయం చెప్పేశావు, బాగుంది. చివరి పేరాలో అదే మళ్ళీ రాశావు. దాన్ని కొట్టేసి, అవతలివాళ్ళు ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాసి గురువారం చూపించు." ఇందులో చేయాల్సిన పని ఉంది, తేదీ ఉంది. వాళ్ళమ్మగారు చదివినా "గురువారం చూపించావా?" అని అడగొచ్చు. "కృషి చేయాలి" అని చదివితే ఏం అడుగుతారు, కృషి చేశావా అనా?

అందరూ చేసే తప్పులకి పొట్టి వాక్యాలు ఒక ఫైల్లో పెట్టుకున్నా. అవి అతికించేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒకసారి అబ్బాయి పేజీలో "చక్కగా రాసింది" అని పడింది.

బట్లర్ గురించి నేనూ ఇదివరకే చదివాను, అప్పుడే ఇంకో పని మొదలుపెట్టా. పేపరు మీద వ్యాఖ్య మాత్రమే రాసి ఇచ్చేస్తా. మార్కు రెండు రోజుల తర్వాత ఆన్‌లైన్‌లో తెరుస్తా. మొదటిసారి గొడవ చేశారు. ఇప్పుడు కొందరు వ్యాఖ్య చూసి తమకెంత వస్తుందో పందేలు కడుతున్నారు. అంటే చదువుతున్నట్టేగా.

---

డిగ్రీ_లెక్చరర్ · బుధవారం, మధ్యాహ్నం 12:20

మా దగ్గర ఇంకో గొడవ. పిల్లలు పద్దెనిమిది దాటినవాళ్ళు, తండ్రులు ఫోన్ చేసి లాగిన్ అడుగుతారు. "ఫీజు కట్టేది నేను, మార్కులు నాకు చూపించరా?" అని. చాలాచోట్ల చట్టం ఆ వయసు దగ్గరే గీత గీస్తుంది. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం పద్దెనిమిది నిండగానే, లేదా కాలేజీలో చేరగానే, చదువు రికార్డుల మీద హక్కు తల్లిదండ్రుల నుంచి విద్యార్థికి వస్తుంది. మీ ఊళ్ళో నియమం ఏమిటో మీ ఆఫీసులో కనుక్కోండి. నేను మాత్రం "మీ అబ్బాయినే అడగండి సార్, అతని ఫోన్లో ఉంది" అంటాను. కొందరికి కోపం వస్తుంది. కొందరు నిజంగానే అడుగుతారు.

---

వెనకబెంచీ · బుధవారం, మధ్యాహ్నం 12:34

సార్ మీరు మా కాలేజీ కాదు కదా?

---

డిగ్రీ_లెక్చరర్ · బుధవారం, మధ్యాహ్నం 12:36

38 వచ్చినవాళ్ళు మా దగ్గర చాలామంది ఉన్నారు బాబూ. చెప్పలేను.

---

నీలంరంగు_సిరా · బుధవారం, సాయంత్రం 5:50

ఎవరూ అనలేదు కాబట్టి నేనంటా. మా క్లాసులో కొన్ని ఇళ్ళల్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అది పనికెళ్ళిన మనిషి జేబులో ఉంటుంది. కొందరు అమ్మలకి చదవడం రాదు. పిల్లాడే యాప్ తెరిచి తన మార్కులు తనే చదివి వినిపిస్తాడు. ఏం చదివి వినిపిస్తాడో వెనకబెంచీ గారు బాగా చెప్పగలరు.

పోర్టల్ ఉంది కదా అని ఫోన్ చేయడం మానేస్తే ఈ ఇళ్ళకి అసలేమీ చేరదు. మా సిస్టమ్‌లో ఎవరు చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో కనిపిస్తుంది. నెలకోసారి ఆ కాలమ్ చూస్తా. అక్కడ ఖాళీ ఉన్నవాళ్ళకి నేనే ఫోన్ చేస్తా. మొన్న ఒకావిడ "ఏం తప్పు చేశాడమ్మా?" అని కంగారుగా ఎత్తింది. ఏం లేదండీ, మ్యాప్ చాలా బాగా వేశాడు, చెబుదామని చేశాను అన్నా. నమ్మలేదు, మళ్ళీ మళ్ళీ అడిగింది.

---

రిటైర్డ్_హెడ్ · బుధవారం, రాత్రి 8:10

ఇలాంటి ఫోన్లు మా రోజుల్లో మేమెవ్వరం చేయలేదు. ఇంటికి కబురు పెట్టామంటే తప్పు జరిగిందనే. ఒప్పుకుంటున్నాను.

---

కొత్త_టీచరమ్మ · మూడు వారాల తర్వాత, శనివారం, ఉదయం 7:30

మళ్ళీ వచ్చాను. చాలామంది ఏమైందని మెసేజీలు పెట్టారు.

ఇప్పుడు మా క్లాసులో పద్ధతి ఇది. పేపర్లు ముందు పిల్లల చేతికిస్తాను. వాళ్ళు చూసుకుని తప్పు కూడినవి పట్టుకుంటారు. నిన్న నాలుగు పట్టుకున్నారు, సిగ్గేసింది. ఆ తర్వాతే పిల్లల లాగిన్‌లో మార్కు కనిపిస్తుంది. తల్లిదండ్రులకి శుక్రవారం సాయంత్రం తెరుచుకుంటుంది, వారం మొత్తానిది ఒకేసారి. ఇవ్వని పనుల జాబితా పైన, శాతం కింద. అమ్మగారూ, ఇది మీ పుణ్యమే. మా అడ్మిన్‌ని వారం రోజులు వేధిస్తే మార్చారు.

ఆ పాప ప్రాజెక్టు ఇచ్చింది. నీరు ఇంకే నేలల మీద. మూడు సీసాల్లో మూడు రకాల మట్టి పోసి, గడియారం పెట్టుకుని రాసింది. 90 వేశాను, సగటు 87.3 అయింది. ఆ మార్కు ఆన్‌లైన్‌లో పెట్టకముందే పక్కకి పిలిచి పేపర్ మీద చూపించాను. "నాన్నకి నేను చెప్పొచ్చా మేడం?" అంది. శుక్రవారం దాకా ఆయనకి కనిపించదు, నువ్వే చెప్పు అన్నా.

ఇప్పుడు కొత్త సమస్య. సాయంత్రం ఆరింటికి తెరుచుకోవాలని పెట్టాను, నిన్న రాత్రి పదకొండున్నరకి వెళ్ళిందట. పొద్దున్నే మళ్ళీ ఇద్దరు నాన్నలు ఫోన్ చేశారు. సర్వర్‌గది గారూ, నేనేం తప్పు చేశానండీ?

---

సర్వర్‌గది · శనివారం, ఉదయం 7:44

ఆరు గంటలు ఎవరి గడియారం ప్రకారం మేడం? మీ ప్రొఫైల్ తెరిచి టైమ్‌జోన్ దగ్గర ఏముందో చూడండి. గ్రీనిచ్ (మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే సమయం) అని ఉంటే తప్పు మీది కాదు, ఖాతాలు తెరిచినవాళ్ళది.

---

కొత్త_టీచరమ్మ · శనివారం, ఉదయం 7:52

గ్రీనిచ్ అనే ఉంది. 43 మంది పిల్లల ఖాతాల్లో కూడా అదే ఉంది.

---

సర్వర్‌గది · శనివారం, ఉదయం 7:53

ఒక్కొక్కటీ మార్చకండి, ఆగండి. మీ అడ్మిన్‌ని అడగండి, అందరికీ ఒకేసారి మార్చే చోటుంటుంది. ఈలోపు వచ్చే శుక్రవారానికి మధ్యాహ్నం పన్నెండున్నర అని పెట్టి ఉంచండి, ఆరింటికే తెరుచుకుంటుంది. అడ్మిన్ మార్చిన రోజున దాన్ని మళ్ళీ ఆరుకి తిప్పడం మాత్రం మర్చిపోకండి.